కేసు షీటు వదలని క్లర్కమ్మ

పోయిన బుధవారం పొద్దున వార్డు క్లర్కమ్మ చనిపోయింది. నా మనవరాలు ఫోను చేసి, "తాతా, ఏడు పదికి మేడం పోయింది" అంది. ముందు టైము చెప్పింది, తర్వాత ఏడ్చింది. ఆ పద్ధతి ఆమె నేర్పిందే.

నాకు చదువు తక్కువ. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆమె చెయ్యి విరగ్గొట్టింది నేను.

అప్పట్లో నాచారం ఫ్యాక్టరీలో ముప్పై మంది నా మాట మీద నడిచేవాళ్ళు. మనవరాలు ఇంటర్ వొకేషనల్ చదువుతూ, రోజూ సగం పూట ఒక ప్రైవేటు దవాఖానాలో వార్డు క్లర్కు పని నేర్చుకునేది. రోగి చేరగానే కేసు షీటు తయారు చెయ్యడం, డాక్టరుకు ఫోను చెయ్యడం, ఏది ఎన్నింటికి జరిగిందో అందులో రాయడం. నేర్పేది క్లర్కమ్మ. గోదావరి జిల్లా మనిషి, కాపురం చిల్కానగర్‌లో. పిల్ల టైము అందాజుగా వేస్తే అక్కడికక్కడే కొట్టేయించేది. "చూసిందే రాయమ్మా. అనుకున్నది ఇంటికెళ్ళి అనుకో" అనేది. పిల్ల ఇంటికొచ్చి నేను అన్నం తిన్న టైము కూడా చెప్పేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఒకరోజు ఫ్యాక్టరీ మిషన్లో పడి మా తమ్ముడి చెయ్యి భుజం దాకా నలిగిపోయింది. ఆ దవాఖానాకే ఎత్తుకుపోయాం. డాక్టరు వస్తున్నాడు, వస్తున్నాడు అన్నారు. మంచం కింద నెత్తురు మడుగు కట్టింది. సాయంత్రానికి తమ్ముడు లేడు.

తర్వాత జరిగింది దాచను. అద్దాలు పగలగొట్టాం. కుర్చీలు విసిరాం. అడ్డమొచ్చిన వార్డుబాయ్‌ని కింద పడేసి తన్నాం. వాడు చేసిన తప్పేమీ లేదు. వాడి పన్ను ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. బల్ల వెనక క్లర్కమ్మ తమ్ముడి కేసు షీటును కుడిచేత్తో కడుపుకు అదుముకుని నిలబడింది. ఆమె వెనక నా మనవరాలు.

"గా కాయితం ఇటియ్యి. అన్నీ దొంగరాతలే. చింపుత" అన్నాను.

"చింపితే మీ తమ్ముడి తరఫున మాట్లాడేది ఇంకేమీ ఉండదండీ."

"ఆంధ్రామెతోని ముచ్చట్లేంది మామ? గుంజుకో" అన్నాడు మావాడొకడు.

సెలైన్ స్టాండు ఎత్తి కొట్టాను. మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె అక్కడే కూలబడింది, కాగితం మాత్రం వదల్లేదు. మళ్ళీ ఎత్తాను. "తాతా" అని మనవరాలు అరిస్తే చెయ్యి ఆగింది.

పోలీసులు వచ్చారు. ఆమె కేసు షీటు వాళ్ళ చేతికిచ్చింది. గొడవ జరిగితే రిజిస్టరులో రాయాలి. ఆమె చెయ్యి లేవదు, పిల్లను రాయమంది.

"కొట్టింది ఎవరని రాయాలె మేడం?"

"నువ్వు ఎవర్ని చూశావు?"

"మా తాతను."

"అదే రాయి. టైము కూడా వెయ్యి."

రాసింది. స్టేషన్లో నా వీపు చిట్లేదాకా కొట్టారు. జైలు చూసి వచ్చాక, మళ్ళీ దవాఖానా గడప తొక్కితే కాళ్ళు విరుస్తానని పిల్లతో అన్నాను. దాని ట్రైనింగ్ ఆగిపోయింది. ఆరు నెలలు దాని మొహం చూడలేదు.

తమ్ముడి కేసు కోర్టుకొచ్చింది. షీటులోని టైములు తప్పని చెప్పమని దవాఖానా యజమానులు క్లర్కమ్మను అడిగారట. చెప్పనంది. ఉద్యోగం తీసేశారు. కోర్టులో ఆ షీటు చదివారు. రెండు ఇరవైకి డాక్టరుకు ఫోను, రాలేదు. మూడింటికి ఫోను, రాలేదు. మూడు నలభైకి ఫోను, రాలేదు. తమ్ముడు ఎట్లా చచ్చాడో ఆ కాగితం ఒక్కటే చెప్పింది. నేను చింపబోయింది దాన్నే.

తప్పయిందని చెప్పడం నాకు రాదు. పిల్లను వెంటబెట్టుకుని చిల్కానగర్ పోయాను.

"పిల్లకు మిగిలిన పని నేర్పు" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "అడగడం కూడా కొట్టినట్టే అడుగుతారేంటండీ. కూర్చోండి" అంది.

ఇంట్లోనే నేర్పింది. ఆ మోచెయ్యి వంగినట్టే అతుక్కుంది, మళ్ళీ చాచలేకపోయింది. ఆ ఒంపులో ఫైళ్ళు పెట్టుకుని తిరిగేది. "మీ తాత చేసిచ్చిన అలమర" అని పిల్లతో నవ్వేది. నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. ఇప్పుడు నా మనవరాలు ఉప్పల్‌లో వార్డు క్లర్కు.

బుధవారం ఆమెను చాప మీద పడుకోబెట్టారు. చుట్టాలెవరో ఆ చెయ్యి చాపి పక్కకు సర్దబోయారు.

"గుంజకున్రి. గట్లనే ఉండనియ్యున్రి" అన్నాను.

వదిలేశారు. చెయ్యి కడుపు మీద మడిచినట్టే ఉంది. ఆ ఒంపులో ఒక కేసు షీటు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.