గాజుతొట్టిలో బెల్లపు నీళ్లు

మా మావయ్య గారికి చేపల గురించి తెలియనిది లేదని భీమవరం చుట్టుపక్కల అందరూ అంటారు. ఆయనకు చెరువుల గురించి చాలా తెలుసు. ఈ రెండూ ఒకటి కావని మా అత్తవారింట్లో ఎవరినీ ఒప్పించలేకపోయాను. సూక్ష్మజీవశాస్త్రం చదివి, రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇంట్లో నా చదువు ఒక వేళాకోళంగా మిగిలింది: డాక్టరమ్మ.

మూడో తరగతి చదివే మా అమ్మాయి గాజుతొట్టిలో పెంచుకునే గోల్డ్‌ఫిష్ ఒక ఉదయం పొట్ట ఉబ్బి, పక్కకు ఒరిగి, నీటిపై తేలుతూ కనిపించింది. తోక కొట్టి కిందికి దిగబోయేది. బెండులా మళ్లీ పైకి వచ్చేది. పొలుసులు నిక్కబొడుచుకోలేదు కనుక ఒంట్లో నీరు చేరలేదనుకున్నాను. గుండ్రటి ఒళ్లున్న ఈ రకానికి పొడి మేత గుళికలు అరగక ఇలా అవుతుందంటారు. మేత ఆపి, ఆపైన ఉడికించి పొట్టు తీసిన బఠాణీ పెట్టమంటారు. ఆ బఠాణీకి గట్టి రుజువు నాకెక్కడా దొరకలేదు. పస్తు మాత్రం చేపకు కొత్త కాదు. కొన్నాళ్లు తినకపోయినా బతుకుతుంది. అమ్మాయికి అదే చెప్పి మేత డబ్బా అలమరలో పెట్టాను.

మేత ఆపడం ఆ ఇంట్లో అపచారం. పొద్దున్నే చెరువుగట్టు మీద అడిగే మొదటి ప్రశ్న, మేత తిన్నాయా అనే.

"చేపని పస్తు పెట్టి బతికించడమేంటమ్మా? చెరువులకీ ఇదే వైద్యం చేస్తే మనం తినేది బఠాణీలే," అన్నారు మావయ్య గారు.

"ఇది చెరువు కాదండి. అరగని పొట్టలో ఇంకా మేత ఎందుకండి?"

"విన్నావట్రా? డాక్టరమ్మ గారు రోగికి గంజి కూడా పొయ్యరంట!" అని కొడుకు వైపు తిరిగారు. నా భర్త ఫోనులోంచి తల ఎత్తకుండానే నవ్వాడు.

రెండు మూడు రోజులకు చేప వెనుక సన్నటి దారంలా మలం వేలాడింది. ఒరగడం తగ్గింది. అమ్మాయి గాజుకు ముక్కు ఆనించి, "అమ్మా, దొడ్డికెళ్లింది!" అని ఇల్లంతా వినబడేలా అరిచింది.

ఆ మర్నాడు నేను ల్యాబ్‌లో ఉండగా మావయ్య గారు చెరువు మందు తెచ్చి తొట్టిలో పోశారు. బెల్లం, తవుడు, ప్రోబయోటిక్ పొడి డ్రమ్ములో పులియబెట్టి చెరువులకు చల్లడం ఇక్కడి రైతులకు అలవాటే. ఎకరాల నీటిలో అది కలిసిపోతుంది. బిందెడు నీటిలో ఆ బెల్లం తిని పెరిగే బ్యాక్టీరియా, చేప పీల్చవలసిన ఆక్సిజన్‌ను తానే వాడేస్తుంది. పైగా మధ్యాహ్నం కరెంటు పోయింది. మా జనరేటర్ లైను చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లకే తప్ప ఇంటికి లేదు. తొట్టిలో గాలి పంపు ఆగి బుడగలు ఆగిపోయాయి.

"పైకొచ్చి నోరు తెరుస్తోందండీ అన్నానమ్మా. ఆకలికి అడుగుతోందని మీ మావయ్య గారు పిడికెడు మేత వేశారు," అని అత్తయ్య గారు తర్వాత చెప్పారు.

తెల్లవారుజామున చెరువులో చేపలు అలా నోళ్లు తెరిస్తే, ఊపిరాడటం లేదని చెప్పుల్లేకుండా గట్టు మీద పరుగెత్తే మనిషి ఆయన.

నేను వచ్చేసరికి నీళ్లు తెల్లగా, పుల్లటి వాసనతో ఉన్నాయి. చేప చచ్చిపోయింది. పరీక్షకు కాస్త నీరు తీసుకుందామని సీసా కడుగుతుండగానే మావయ్య గారు తొట్టి ఎత్తి జామచెట్టు మొదట్లో వంపేశారు.

"పస్తులతో నీరసించిపోయింది. నా మందు ముందే పడుంటే బతికేది," అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది. "నువ్వు మేత ఆపడం వల్లేనా అమ్మా? తాతయ్య మందు వల్లా?"

పులిసిన బెల్లం, అదనపు మేత, ఆగిన బుడగలు, అంతకుముందు జబ్బు. కొలవడానికి నీరు లేదు. కొలవనిదాన్ని కొలిచినట్టు చెప్పడం నాకు చేతకాదు.

"ఊపిరాడకే అయ్యుంటుంది తల్లీ. దేనివల్లో కచ్చితంగా చెప్పలేను."

"చూశావా, మీ అమ్మకే తెలీదంట!" అన్నారు మావయ్య గారు.

అమ్మాయి వెళ్లి తాతయ్య ఒళ్లో కూర్చుంది.

వారం తిరగకుండానే ఆయన కొత్త చేపను తెచ్చారు. అమ్మాయి దానికి పూటపూటా మేత వేస్తోంది. నేను గదిలోకి అడుగుపెడితే డబ్బాను వీపు వెనక్కి దాచుకుంటుంది.