తూములో రావలసిన రంగులు

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో కడపలో మా వీధిలో ఒక్క ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆ సంగతి ఊరిబయట కంపచెట్లు చూసుకునేవి. ఇంట్లో ఉండేదల్లా జలదారి. స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు బండల కింద పారి వీధికాలువలో కలిసే దారి అది. మా జలదారికి ఒక చిక్కు ఉంది. పక్కింటివాళ్ల నీళ్లు కూడా మా ఇంట్లోనుంచే పోవాలి. వాళ్ల ఇల్లు మిట్టన, మాది పల్లాన. నడిమి గోడ కింద తూము. అందులోనుంచి వచ్చిన నీళ్లు మా పెరట్లో మూరెడు దూరం పైకి కనిపిస్తూ పారి, మళ్లీ బండల కిందికి దూరేవి.

పక్కింటివాళ్లు మగ్గం నేసేవాళ్లు. వాళ్ల పిల్లదీ నాదీ ఒకే ఈడు. చీపురుపుల్ల ముక్కకు ఆ రోజు మగ్గం మీదున్న చీర పోగులు చుట్టి, చెంబెడు నీళ్లతో తూములోకి వదిలేది. అది తేలుతూ మా వైపుకు వచ్చేది. ఒకనాడు వంకాయరంగు, ఒకనాడు చిలకపచ్చ. వాళ్లింట్లో ఏ చీర నేస్తున్నారో వీధిలో అందరికంటే ముందు నాకు తెలిసేది. నేనేమీ పంపడానికి లేదు, నీళ్లు ఎదురెక్కవు కదా. పుల్ల చేరిందని చెప్పడానికి గులకరాయితో గోడవార బండమీద రెండుసార్లు కొట్టేదాన్ని. అవతల ఆమె నవ్వేది. తూములోనుంచి వచ్చే ఆ నవ్వంత బాగా నాకు ఇంకెవరి నవ్వూ వినిపించలేదు.

మా నాయనకు కోపం ముక్కుమీద ఉండేది. ఒకసారి వాళ్లు అద్దకం నీళ్లు పారబోశారు. పెరట్లో ఆరేసిన నాయన కొత్త పంచె కొస జారి ఆ నీళ్లలో పడి ఉంది. ఎర్రగా తేలింది. ఇక చూడాలి. అద్దకం నీళ్ల దగ్గర మొదలైన మాట, గంజికీ పోగుల చెత్తకూ పాకి, తాతలదాకా పోయింది. ఆ పొద్దు నుంచి రెండిళ్లకూ ఉప్పూ నిప్పూ. నన్ను ఆ గడప తొక్కవద్దన్నారు, ఆమెను ఈ గడప తొక్కవద్దన్నారు. నేను దిగులుపడలేదు. తూము ఉంది కదా అనుకున్నాను.

రోజూ గిన్నెలు తోమే నెపంతో ఆ మూరెడు కాలువ దగ్గరే కూర్చునేదాన్ని. నీళ్లు వచ్చేవి. పుల్ల రాలేదు. వేసవి పోయింది, రాలేదు. వాళ్ల నాయన చెప్పుచేతల్లో ఉందిలే అనుకున్నాను. మగ్గం చప్పుడు వినిపించినప్పుడల్లా ఈ రోజు ఏ రంగో అని మనసు లాగేది. నాకు ఏడుపు వచ్చేది, ఏడుపుకంటే రోషం ఎక్కువ వచ్చేది. పంపనిదానికి నేనెందుకు రాయి కొట్టాలి? కొట్టలేదు.

ఒక ఉదయం తూములోనుంచి పసుపునీళ్లు వచ్చాయి. నలుగుపిండి వాసన. పెళ్లికూతురికి తలంటు పోస్తున్నారని అర్థమైంది. మాకు పిలుపు లేదు. మేళం గోడ మీదుగా విన్నాను. మరుసటి రోజు ఆమెను బద్వేలు అత్తింటికి పంపించారు.

పెళ్లిచుట్టాలు వెళ్లిన వారానికి వాళ్లమ్మ మా గడప బయట నిలబడి, తమ స్నానాల బండమీద నీళ్లు నిలిచిపోతున్నాయని మా అమ్మతో చెప్పింది. ఆమెను నేను చిన్నమ్మా అనేదాన్ని. నాయన లోపలినుంచే, తప్పు వాళ్లవైపే ఉంటుందన్నాడు. అమ్మ మాత్రం, నీరు పల్లమెరుగు నిజము దేవుడెరుగు, నీళ్లనే అడుగుదామని కొంగు దోపింది.

నీలిమందు కలిపిన కడివెడు నీళ్లు అటువైపు పోయమంది. చాలాసేపటికి మా వైపు సన్నని నీలపు ధార వచ్చింది. దారి కూలిపోలేదు, ఎక్కడో అడ్డం పడిందని తేల్చింది. వెదురుబద్ద తెచ్చి తూములోకి దూర్చింది. మోచేతి లోతుకు పోయి టంగుమంది. ఇంకోసారి పొడిచింది. మళ్లీ టంగు.

"ఇది రాయి చప్పుడు గాదే," అంది. "యాడిదో రేకు ఉండాది."

నాయన తేలు కుట్టిన దొంగలా తువ్వాలు సర్దుకున్నాడు. కాసేపటికి, వాళ్ల పోగులు మన ఇంట్లోకి రాకుండా తానే పెట్టానన్నాడు. జగడం జరిగిన మరునాడు, మేము ఇంట్లో లేనప్పుడు, బండ లేపి చిల్లుల రేకు నిలబెట్టి మళ్లీ బండ మూశాడట. నీళ్లు పోతాయి, చెత్త ఆగుతుందని. ఎవరికీ చెప్పలేదు.

ఆయనే గడ్డపారతో బండ లేపాడు. అమ్మ రేకు పీకి, దాని వెనకనుంచి దోసిళ్లతో బురద తీసింది. గంజి గడ్డకట్టిన పోగులు, వెంట్రుకలు, వాటి మధ్య చీపురుపుల్లలు. ఒకటి కాదు, రెండు కాదు. నేను ఒక్కొక్కటే కడిగాను. అడుగున ఉన్నవాటి రంగు వెలిసి బూడిదలా అయింది. పైనున్నది ఇంకా కొత్తగా ఉంది. పసుపు పోగూ ఎర్ర పోగూ కలిపి చుట్టింది. అవి వాళ్ల మగ్గం మీదే నేసిన ఆమె పెళ్లిచీర పోగులు.

నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా మా వైపుకు వచ్చాయి. నేను గులకరాయి తీసుకుని బండమీద రెండుసార్లు కొట్టాను.

తూములోనుంచి చిన్నమ్మ గొంతు వచ్చింది.

"ఇన్నాళ్లకు కొట్టినావా తల్లీ? నా బిడ్డ దినామూ ఈడనే కూర్చుంటాండె. పెండ్లినాడు గూడా, తలంటు పోసినాక లెయ్యలేదు. ఉండు మా, రాయి కొడతాదేమో అనె."

పుల్లలన్నీ ఇప్పుడే చేరాయని, మధ్యలో రేకు ఉండిందని, ఆమెకు చెప్పమని తూముకు నోరు ఆనించి బతిమాలాను. పండక్కు వస్తుంది కదా, చెప్తానంది. పండగ రాకముందే ఆమె అత్తింటివాళ్లు మగ్గాలు ఎత్తుకుని సోలాపూరు వెళ్లిపోయారు. ఏడాది తిరిగేసరికి చిన్నమ్మవాళ్లూ ఇల్లు అమ్ముకుని ఆ దారినే పోయారు.

పసుపు ఎరుపు పుల్ల నా దగ్గరే ఉంది. అది నాకు చేరిందని ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో ఇప్పటికీ తెలియదు.