సగం డాబా

మా ఇంట్లో అందరికంటే నమ్మకమైన పనివాడు ఎండ. బరంపురం లంజిపల్లిలో మా డాబా మీద, మా కొట్లో అమ్మే అప్పడాలు ఆరబెట్టేది అదే. వానలు మొదలవగానే సెలవు పెట్టేస్తుంది. అప్పుడు వెనక గదిలో పొయ్యి రాజేసి, ఆ వేడికి ఆరబెడతాం. కట్టెలు కొన్నప్పుడల్లా నాన్న ముఖంలో మబ్బులు కమ్ముతాయి.

గిరిసోల దగ్గర మాకు కాస్త బీడు ఉంది. దాన్ని అమ్మేద్దామన్నారు నాన్న. బోటనీ చదివినందుకు నేను ఏదో ఒకటి అనాలి కదా! ఏనుగు గడ్డి వేద్దామన్నాను. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు, కట్టెలకు బదులు కాల్చుకోవచ్చు.

"గడ్డంటే దాచుకున్న ఎండ, నాన్నా."

"సరే. ఈ వానలకి పొయ్యి నీ గడ్డితో నడిస్తే భూమి ఉంచుతాను. లేపోతే అమ్మీడమే."

నాటించిన గడ్డి వానల ముందే నా తలను దాటిపోయింది. ఇంకాస్త పెరగనిద్దామని ఆగి ఆగి, వానలు పడ్డాక కోయించి తెచ్చాను. పచ్చిగడ్డి మంట విషయంలో పిసినారి, పొగ విషయంలో మహాదాత. అమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏట్రా ఇది? అప్పడాలకి ధూపమేస్తన్నావా?"

"ముందు గడ్డిని ఎండబెట్టాలమ్మా."

నాన్న నింపాదిగా అడిగారు. "అంటే ఎండ లేనప్పుడు పనికొచ్చే గడ్డికి ముందు ఎండ కావాల?"

"కొంచెం."

"ఆ కొంచెం ఎండే ఉంటే అప్పడాలే ఆరబెడదుం కదరా!"



ఆ ఏడూ కట్టెలే కొన్నాం. సగం కాలి బొగ్గయిన గడ్డిని అమ్మ కరివేపాకు కుండీలో కలిపింది. దాన్ని బయోచార్ అంటారని చెప్పాను. "ఏటంటే ఏటి? మొక్క సిగురేసింది" అంది.

వానలు తగ్గాక కొనేవాడికి భూమి చూపించడానికి నాన్న బయల్దేరారు. ముద్దాయి హోదాలో నేనూ వెళ్లాను. కోసిన మోళ్లన్నీ మళ్లీ చిగిర్చి నడుమెత్తు లేచాయి. నాన్న ఒక దుబ్బు పట్టి లాగారు. రాలేదు. చెప్పు జారింది గానీ దుబ్బు కదల్లేదు.

అమ్మిన సరుకు మళ్లీ కొట్లో మొలవడం మా వంశంలో ఎవరూ చూడలేదు. నాన్న చేతులు దులుపుకుని కొనేవాడి వైపు తిరిగారు.

"ఇప్పుడమ్మనులెండి," అన్నారు అతనితో. "సూస్తన్నారు కదా, ఇది ఎల్లనంటంది."

తిరిగొచ్చి, బరంపురంలో నాన్న ఆటో దిగుతూ అన్నారు:

"ఈసారి ఎండల్లోనే కొయ్యి. ఆరబెట్టుకోడానికి డాబా ఇస్తాను. సగమే."