బీరువాలో పట్టని కేటలాగు

తిరుపతిలో మా కాలేజీ లైబ్రరీకి కంప్యూటరు వచ్చిన రోజు దానికి పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, పూల గుడ్డ ఒకటి కప్పారు. చెప్పులు బయట విడవాలని గోడ మీద రాయించారు. అందరూ అరటిపళ్లు తిని వెళ్లిపోయాక ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచాడు.

"పిల్లోళ్లను తాకనీయొద్దమ్మా. ఏమన్నా అయితే నీ జీతంలోనే కోస్తారు."

మా ఉద్యోగంలో ఇది కొత్త మాట కాదు. పుస్తకం పోతే దాని వెల లైబ్రేరియన్ జీతంలో కోస్తారు. అందుకే నాకు ముందు పనిచేసినవాళ్లు పుస్తకాలను అద్దాల బీరువాల్లో పెట్టి తాళాలు వేశారు. పిల్లలు వచ్చి అద్దంలోంచి పేర్లు చదువుకుని పోయేవారు. ఒక్క పుస్తకమూ పోలేదు. ఆ మంచిపేరుతోనే వాళ్లు దండలు వేయించుకుని రిటైరయ్యారు.

నేను ఆ ఉద్యోగానికి పత్రికాఫీసు నుంచి వచ్చాను. తిరుపతి ఎడిషన్ డెస్కులో కొన్నేళ్లు వార్తలు దిద్దుతూనే దూరవిద్యలో లైబ్రరీ సైన్సు చదివాను. సత్యవేడు వైపు పేపరు కట్టలు మోసే వ్యాను బయల్దేరేలోగా పేజీ అయిపోవాలి. "బండెక్కని వార్త బొరుగుల పొట్లానికే" అనేవాడు మా ఇన్‌ఛార్జి. చదివేవాడి చేతికి చేరనిది అచ్చయినా లెక్కలోకి రాదని అక్కడ తెలిసింది. కాబట్టి కాలేజీలో చేరిన కొత్తలోనే బీరువాల తాళాలు తీశాను. కొన్ని పుస్తకాలు పోయాయి. జీతంలో కోశారు. గొణుక్కున్నాను గాని మళ్లీ తాళాలు వేయలేదు. కంప్యూటరు మీది పూల గుడ్డ కూడా అలాగే తీసేశాను.

తీశాక దాంతో ఏం చేయాలో నాకు తెలియలేదు. కాలేజీలో చెప్పేవాళ్లు లేరు. బస్టాండు దగ్గర ఒక బ్రౌజింగ్ సెంటరుకు సాయంత్రాలు పోవడం మొదలుపెట్టాను. పరదాలు వేసిన చెక్క అరలు, ఒక్కొక్క అరలో ఒక మిషను. నడిపే ఆయన అంతకుముందు అదే గదిలో ఎస్టీడీ బూత్ నడిపినవాడు.

"ఏం కావాలక్కా? రిజల్ట్సా, రైలు టికెట్టా?"

"బ్లాగు పెట్టాలప్పా. తెలుగులో."

"అది యాడికి పోయే రైలక్కా? రేణిగుంటలో నిలబడతాదా?"

నవ్వాడే గాని వదిలిపెట్టలేదు. డెస్కులో మేం కొట్టే తెలుగు నెట్ మీద పెడితే పిచ్చి గీతలయ్యేది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడే పద్ధతి అప్పుడప్పుడే వచ్చింది. అతని మిషన్లలో అవి ముందు ఖాళీ డబ్బాల్లా కనబడ్డాయి. ఏదో సీడీ వేశాడు, మిషను ఆపి మళ్లీ ఆన్ చేశాడు, తెర మీద "అ" కనబడగానే పక్క అరలోవాళ్లు తొంగిచూసేంత గట్టిగా అరిచాడు. "సూడక్కా, మన అక్షరం!"

ఆ నేర్చుకున్నదానికి పని చూపించింది ఒక డిగ్రీ ఆఖరి ఏడాది విద్యార్థిని. సత్యవేడు అవతలి పల్లె. తండ్రి కూలికి పోతాడు, ఈమె హాస్టల్లో ఉండి చదువుతోంది. ఎమ్మే ఎకనామిక్స్ ప్రవేశపరీక్ష రాయాలి. దానికి కావలసిన పుస్తకం మా దగ్గర ఒక్క ప్రతే ఉంది. కొనుక్కునే శక్తి ఆమెకు లేదు.

"మేడమ్, కేటలాగు డ్రాయర్లో కార్డు ఉండాది, బుక్కు లేదు. యాడికి పోయింటాది?"

"పోలేదు. ఎవురో సార్ ఇంట్లో ఉండాది."

"ఎప్పుడిస్తారు?"

"వెరిఫికేషన్ రోజు తెస్తారు. సాయంత్రం మళ్లా తీసుకోని పోతారు."

"ఉత్సవ విగ్రహం మాదిరా మేడమ్?"

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమె అన్నది నిజం. మా పుస్తకాలకు మొదటి పేజీలోనే కాక లోపల ఇంకొక పేజీలో కూడా ముద్ర వేస్తాం. అది ఏ పేజీయో లైబ్రరీవాళ్లకే తెలుసు. ఏటా వేసవిలో స్టాకు చూసే అధికారి ఆ పేజీ తిప్పి, ముద్ర చూసి, టిక్కు పెడతాడు. అధ్యాపకులు ఏళ్ల తరబడి ఇంట్లో పెట్టుకున్న పుస్తకాలను ఆ రోజు స్కూటర్ల మీద తెచ్చి చూపించి, టిక్కు పడ్డాక మళ్లీ ఇంటికి వేంచేపు చేయించేవారు. నాకు ముందున్నవాళ్లు రాసింది "స్టాఫ్" అన్న ఒక్క ముక్కే. ఏది ఎవరింట్లో ఉందో దేవుడికే తెలియాలి.

లైబ్రరీ కంప్యూటరుకు ఆఫీసు ఫోను లైనుతో నెట్ కలిపి, కేటలాగు అంతా బ్లాగులోకి ఎక్కించాను. వేసవి సెలవుల్లో ఊళ్లకు పోయిన పిల్లలు కూడా అక్కడి సెంటర్లలో చూసుకోవచ్చు. ప్రతి పుస్తకం ఎదురుగా అది ఎక్కడుందో రాశాను. "అలమరలో ఉన్నది." "ఒక అధ్యాపకుని ఇంట్లో ఉన్నది." పేరు ఎవరిదీ రాయలేదు. రాయడానికి తెలిస్తే గదా.

పేర్లు లేకపోవడమే వాళ్లకు ఎక్కువ ఇబ్బందయింది. పిల్లలు దొరికిన ప్రతి అధ్యాపకుడినీ అడగసాగారు. "సార్, ఆ బుక్కు మీ ఇంట్లో ఉండాదా?" ఆ సత్యవేడు అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అందరినీ కలిపి అడిగింది. తమ దగ్గర లేదన్నారు అందరూ. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ నుంచి నాకు పిలుపు వచ్చింది.

"ఎవర్నడిగి రాసినావమ్మా? సార్లను దొంగల్ని చేసినావే!"

"దొంగలని యాడా రాయలేదు సార్. ఇంట్లో ఉండాయని రాసినాను."

"పత్రికాఫీసు బుద్ధి పోగొట్టుకోలేదు నువ్వు."

"అది పోతే ఈ పని చేయలేను సార్."

ఆ సాయంత్రమే కంప్యూటరును లైబ్రరీ నుంచి తీయించాడు. నెట్ కలిపితే ఆఫీసు ఫోను పలకడం లేదన్నది చెప్పిన కారణం. ఇద్దరు అటెండర్లు దాన్ని పెళ్లికూతురిని నడిపించినట్టు వరండాలో నడిపించుకుంటూ పోయారు. ప్రిన్సిపాల్ తన గదిలో ఒక మూల పెట్టించి, పూల గుడ్డ మళ్లీ కప్పించి, గదికి తాళం వేసుకున్నాడు.

మరునాడు కాలేజీకి పోయే దారిలో బ్రౌజింగ్ సెంటరుకు పోయి కేటలాగులో పైన ఒక వాక్యం చేర్చాను. "కంప్యూటరు: ప్రిన్సిపాల్ గదిలో ఉన్నది."

నాలుగు రోజులు ఏమీ లేదు. తర్వాత ఎవరో ఆ పేజీ అచ్చుతీసి ఆయన చేతిలో పెట్టారు. నేను గదిలోకి పోయేసరికి ఆయన ఆ కాగితాన్నీ, మూలనున్న పూల గుడ్డనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"కంప్యూటరు ఈడ ఉండాది. తాళం నా జేబులో ఉండాది. ఇది యాడ్నుంచి వస్తాంది?"

"అది కంప్యూటర్లో లేదు సార్."

"మరి యాడుండాది?"

"ఏ దేశంలో ఉండాదో నాకూ తెలీదు. తిరుపతిలో మాత్రం లేదు."

ఆయన్ను చూస్తే జాలేసింది. వస్తువన్నాక దానికొక నంబరు, ముద్ర, తాళం ఉంటాయని నమ్మి ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చిన మనిషి.

"తీసేయ్."

"తీయను సార్."

"మెమో ఇస్తా."

"ఇవ్వండి."

ఇచ్చాడు. తీసుకున్నాను.

వేసవి వచ్చింది, వెరిఫికేషన్ రోజూ వచ్చింది. స్కూటర్లు వరసగా వచ్చి ఆగాయి. మధ్యాహ్నం ఒక సీనియర్ అధ్యాపకుడు సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టినవాటిలో ఆ ఎకనామిక్స్ పుస్తకం కనబడింది. తెరిచి చూశాను. సగం పేజీలు అంటుకునే ఉన్నాయి, ఒక్కసారి కూడా విప్పినట్టు లేదు. అధికారి మా ముద్ర చూసి టిక్కు పెట్టాడు. అధ్యాపకుడు భోజనానికి వెళ్లాడు.

ఆ రోజు పుస్తకాలు ఎవరికీ ఇవ్వకూడదన్నది నిబంధన. అమ్మాయి హాస్టలు ఖాళీ చేసి, సంచీ భుజాన వేసుకుని చెప్పిపోవడానికి వచ్చింది. పరీక్ష ఇంకా కొద్దిరోజులుంది. పుస్తకం ఆమె చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాను.

"ఈ పొద్దు ఇవ్వగూడదు గదా మేడమ్?"

"ఇవ్వగూడదు. బస్సుకు టైమైంది, పో."

సాయంత్రం సంచీ నింపుకుంటూ అధ్యాపకుడు బల్లంతా వెతికాడు.

"నా బుక్కు ఒకటి కనపడలే."

"సత్యవేడు పోయింది సార్."

"సత్యవేడా? నా బుక్కా?"

"లైబ్రరీ బుక్కు."

అధికారి పెన్ను చేతిలో పట్టుకుని తలెత్తాడు. ఆయన పక్కనే ప్రిన్సిపాల్ ఉన్నాడు. "వాపసు రాకపోతే నా జీతంలో కోసుకోండి" అన్నాను. అధ్యాపకుడు మిగిలిన పుస్తకాలను సంచీలో పెట్టబోయి, ఎందుకో బల్ల మీదే వదిలి వెళ్లాడు.

ఇంటికి పోయే ముందు బస్టాండు దగ్గర దిగాను. "ఏమక్కా, ఈ పొద్దు ఏ రైలు?" అన్నాడు సెంటరాయన. కేటలాగు తెరిచి, ఆ పుస్తకం ఎదురుగా ఉన్న "ఒక అధ్యాపకుని ఇంట్లో" కొట్టేసి, "సత్యవేడులో ఉన్నది" అని రాశాను.