మారు అన్నానికి తూకం

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నాను. జబ్బునుబట్టి ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పటం డైటీషియన్ పని. ఊళ్లో మాత్రం నన్ను "కడుపు మాడ్చే మేడం" అంటారు. అననివ్వండి. ఇన్నేళ్లలో నేను ఎవరి కడుపూ మాడ్చలేదు, కొలుచుకుని తినమన్నాను, అంతే.

ఆ వేసవిలో వెంకటరత్నం గారు భార్య నాగమణి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. యాభై దాటిన మనిషి, బజారులో కిరాణా కొట్టు. ఆయన కూర్చోగానే మా ఆస్పత్రి కుర్చీ మూలిగింది. బీపీ లేదు, షుగరు లేదు. మరి నా దగ్గరికెందుకంటే, వినుకొండలో ఉండే చెల్లెలు పద్మకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ మీద బతుకుతోంది. ఆమె భర్తకు షుగరు కాబట్టి ఆయనది పనికిరాలేదు. అన్న కిడ్నీ సరిపోయింది. కానీ ఇంత బరువుతో ఆపరేషన్ చేస్తే డోనర్‌కే ప్రమాదం, తగ్గించుకుని రండి అన్నారట గుంటూరు డాక్టర్లు. డోనర్ అంటే అవయవం ఇచ్చే మనిషి. ఇటు చూస్తే పద్మకు డయాలసిస్ సరిగా పడక వారం వారం నీరసించిపోతోంది.

"తొందరగా తగ్గాలమ్మా. నేను తగ్గేదాకా అది ఉండాలి గదా," అన్నారాయన.

వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనిపించాను. బియ్యం కాదు, ఉడికిన అన్నం తూచాలని రెండుసార్లు చెప్పాను. ఉడికితే బియ్యం రెండింతలు, మూడింతలు బరువెక్కుతాయి, చాలామంది అక్కడే పొరబడతారు. కాటా మీద 'టేర్' అని ఒక మీట ఉంటుంది, ఖాళీ కంచం పెట్టి నొక్కితే దాని బరువు పోయి సున్నా చూపిస్తుందని చెప్పబోతే నవ్వారు. "దాన్ని మేం తరుగు తియ్యటం అంటాంలేమ్మా," అన్నారు. మరునాడు కొట్లోని తూకపురాళ్లు పెట్టి ఆ కాటాను పరీక్షించి, సరిగ్గానే ఉందని ఫోన్ చేసి మరీ నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. తాతకు దగ్గులు నేర్పబోయింది నేనే.

నాగమణి గారు మొదట వచ్చిన రోజంతా కలిపి ఒక్కటే మాట అడిగారు. "ఎంతకు దిగితే ఆపరేషన్ చేస్తారు మేడం?" చెప్పాను. ఆడబిడ్డ మీద ఎంత ఆత్రమో అనుకున్నాను.

మొదట్లో కాస్త దిగిన బరువు తరవాత మొండికేసింది. దీన్ని మేం ప్లాటూ అంటాం, ఒళ్లు ఒకచోట ఆగి ముందుకు కదలకపోవటం. కానీ ప్లాటూ రావలసిన వేళ కాదది. నాకు ముక్కుమీద కోపం. నా కాటా అబద్ధం చెప్పదు, మీ కాటా అబద్ధం చెప్పదు, మరి ఎవరు చెబుతున్నట్టు అని అడిగేశాను. ఆయన మొహం చిన్నబోయింది.

"నా కొట్లోనే తూకంలో మోసం ఉండదమ్మా. చెల్లెలి ప్రాణం కాడ నా కంచంలో చేసుకుంటానా?"

నాకు చివుక్కుమంది. రేపు మీ ఇంటికొస్తాను, మీరు అన్నం తినే వేళకు, అన్నాను.

కొట్టు మీది వాటాలోనే వాళ్ల ఇల్లు. కంచం కాటా మీద పెట్టారు, తరుగు తీశారు. అన్నం తూచారు, పప్పు తూచారు, బెండకాయ వేపుడు తూచారు. ఒక్క మెతుకు ఎక్కువ లేదు. నేను వేలు పెట్టి చూపటానికేమీ దొరకలేదు. సరిగ్గా పెరుగులోకి వచ్చేసరికి నాగమణి గారు వంటింట్లోంచి వచ్చి గరిటెడు అన్నం కంచంలో వేశారు. వెనకే ఇంకో గరిటె. కాటా జోలికెవరూ పోలేదు. ఇదేమిటండీ అంటే వెంకటరత్నం గారు నన్ను వింతగా చూశారు.

"అది మారు గదమ్మా," అన్నారు, మంచినీళ్లు కూడా తూచమంటావా అన్నట్టు.

మా వైపు ఒక్క వడ్డనతో మనిషిని లేవనివ్వరు. అశుభం అంటారు. రెండోసారి ఎంతోకొంత వెయ్యాల్సిందే, తినేవాడు వద్దనకూడదు. మొదటిది ఆకలికి, మారు ఆప్యాయతకు. ఆప్యాయతను తూకం వేసుకోవాలని ఆ పెద్దమనిషికి తట్టనే లేదు. నాకు నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది. మీ ఆచారం నేనెందుకు చెడగొడతాను, తూచిన అన్నాన్నే రెండు భాగాలు చెయ్యండి, సగం ముందు, సగం మారుకు అన్నాను. ఆయన తేలికపడ్డారు. ఇంతేనా అమ్మా అని పెరుగన్నం పక్కకు నెట్టేశారు.

నాగమణి గారి మొహం మాత్రం మాడిపోయింది. గరిటె పట్టుకుని లోపలికెళ్లిపోయారు. నేనూ వెనకే వెళ్లాను. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నారు.

"మారు వద్దంటే మానేస్తా మేడం. పప్పులో నెయ్యి ఎక్కువేస్తా. అదీ వద్దంటే ఇంకోటేదో చేస్తా," గొంతు తగ్గించి అన్నారు. "తగ్గితే కోస్తారు గదా. తగ్గకపోతే నా మనిషి నాకు నిండుగా ఉంటాడు."

ఆవిడే చెప్పుకుపోయారు. పద్మ అంటే పగేమీ లేదు. తను కాపురానికొచ్చేనాటికి పద్మ చిన్నపిల్ల, రోజూ తల దువ్వి జడలేసింది తనే. ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టమంటే తను పెట్టింది. పెట్టనంటే ఊరూ వాడా ఏమంటుంది? మొగుడికి చెప్పుకుందామంటే ఆయన చెల్లెలి పేరెత్తితేనే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు.

"వద్దంటే పద్మను చంపినదాన్నవుతా. సరేనంటే ఆయన్ను కోతకు పంపినదాన్నవుతా. నేనేం చెయ్యాలో చెప్పండి మీరే."

ఆవిడ పక్కన నిలబడితే అక్కడ పద్మ గుర్తొస్తోంది. పద్మ వైపు నిలబడదామంటే ఈవిడ కళ్లెదుట ఉంది. చాలా బాధ కలిగింది. మీ భయం తప్పు కాదు, కానీ దాన్ని చెప్పాల్సింది గరిటెకు కాదు, ఆపరేషన్ చేసే డాక్టరుకు అన్నాను. వద్దని చెప్పే హక్కు కూడా మీకుంది, అక్కడ మీతో విడిగా మాట్లాడతారు అన్నాను. మీరూ రండి మేడం అన్నారు. సెలవు పెట్టి వెళ్లాను.

గుంటూరులో డాక్టరు ముందు ఆవిడ సూటిగా అడిగారు. "ఒకటి మీరు తీస్తారు. ఉన్న ఒకటి చెడిపోతే ఎట్టా సార్?"

ఆ డాక్టరు మంచివాడు, అబద్ధం చెప్పలేదు. ప్రమాదం తక్కువే గానీ అసలు లేదనలేను అన్నాడు. ఆరోగ్యంగా ఉంటే ఒక కిడ్నీతో మామూలుగా బతకొచ్చు, ఏటా పరీక్షలు మాత్రం మానకూడదు అన్నాడు. తరవాత ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ ఒక్కదాన్ని చెడగొట్టేవి బీపీ, షుగరు. ఆ రెండింటినీ పిలుచుకొచ్చేది ఈ లావు. చెల్లెలికి ఇచ్చినా ఇవ్వకపోయినా మీ ఆయన తగ్గాల్సిందేనమ్మా."

తిరుగుబస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి, "అయితే నేను పెట్టే తిండి ఆయనకే చెరుపా?" అని అడిగారు. అవునమ్మా అన్నాను. ఫిరంగిపురం దాటేదాకా ఏడుస్తూనే ఉన్నారు. నేను ఆపలేదు. ఆ ఏడుపు ఎప్పుడో రావాల్సింది.

ఇంటికెళ్లి భర్తకు అంతా చెప్పేశారట. ఆయన కోప్పడతారనుకున్నారు. ఆయనేమో, "నాకు మాత్రం భయం లేదా ఏంటే? నువ్వు ధైర్యంగా ఉన్నావనుకుని నేను పైకి చెప్పలా," అన్నారట. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే భయంతో, ఒకరికి తెలియకుండా ఒకరు.

ఆ మరునాటి నుంచి కాటా నాగమణి గారి చేతికొచ్చింది. ఇక చూడండి, నాకే జాలేసేంత నిక్కచ్చి. సగం ముందు, సగం మారు. నెయ్యి చెంచా కూడా కాటా ఎక్కింది. చలి మొదలయ్యేలోపు ఆపరేషన్ జరిగింది. అన్నాచెల్లెళ్లిద్దరూ లేచి తిరిగారు.

ఆ తరవాత నేను పని చేసే పద్ధతి మారింది. ఇదివరకు తినేవాళ్లకు చెప్పి పంపేదాన్ని. ఇప్పుడు వడ్డించేవాళ్లను కూడా కూర్చోబెట్టి, ఈయన తగ్గితే మీకేమన్నా భయముందా అని అడుగుతాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కాసేపాగితే చాలామంది ఏదో ఒకటి చెబుతారు.

మొన్న ఆ దంపతులు ఏటా చేయించుకునే పరీక్షలకు వచ్చి నన్ను పలకరించారు. ఆయన చిక్కిపోయి చొక్కా వేలాడుతోంది. చెల్లెలు తిరణాలకు కూడా పోయొచ్చిందట. అంతా చెప్పి, భార్య మీద ఫిర్యాదు మొదలుపెట్టారు.

"పని అయిపోయింది గదమ్మా. ఇంకా నా కంచాన్ని కాటా ఎక్కిస్తానే ఉంది. ఇంకెన్నాళ్లు ఈ తూకం, నువ్వన్నా చెప్పు."

నేను నాగమణి గారి వైపు చూశాను. ఆవిడ నాకు కాదు, ఆయనకే చెప్పారు.

"రెండున్నప్పుడు లెక్కలేకుండా పెట్టా. ఇప్పుడు ఒకటే గదండీ ఉంది. నేనున్నన్నాళ్లూ తూకమే."