రిమోట్ అక్కర్లేని డీవీడీ

నాకు ఈ వృత్తినిచ్చి, అందులో గర్వపడిన ప్రతిసారీ నన్ను మెల్లగా సరిదిద్దిన దేవునికి ముందుగా స్తోత్రం.

2015 వేసవి. తెనాలి స్టేషన్‌కు దగ్గరలో నాకొక చిన్న వీడియో మిక్సింగ్ షాపు ఉండేది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు షూట్ చేసి డీవీడీలు చేసిచ్చేవాణ్ణి. డీవీడీ చేయడమంటే ఫైలును డిస్కులోకి కాపీ చేయడం కాదు. ఇంట్లోని ప్లేయరుకు అర్థమయ్యేలా వీడియోను మార్చి, డిస్కు పెట్టగానే ఏం రావాలో నిర్ణయించడం ఆథరింగ్. దాన్ని డిస్కు మీద రాయడం బర్నింగ్. రెండూ చేసే సాఫ్ట్‌వేర్లలో తెర మీద మొదట వచ్చే అందమైన మెనూలు ఎక్కువున్నదాన్ని నేను ఏరికోరి పెట్టుకున్నాను.

రేపల్లెలో రైస్ మిల్లులో పనిచేసే రాజారత్నం ఒకరోజు హ్యాండీక్యామ్ టేపు తెచ్చాడు. చనిపోయిన వాళ్ళ నాన్నగారు చర్చిలో సంఘ పెద్ద. ఆయన ఇంట్లో కుటుంబ ప్రార్థన చేస్తుండగా తీసిన టేపు అది. తల్లి మరియమ్మ గారికి చూపు పూర్తిగా పోయింది. పగలు కొడుకూ కోడలూ పనికి వెళితే ఆమె ఒక్కరే ఉంటారు. ఆ సమయంలో ఎవరినీ పిలవకుండా, తనే డిస్కు పెట్టుకుని భర్త గొంతు వినాలని ఆమె కోరిక. ప్లేయరు ట్రే ఎక్కడుందో, ఏ బటన్‌కు తెరుచుకుంటుందో వేళ్ళతో నేర్చుకున్నారట.

మనసు పెట్టి చేశాను. మెనూలో పూల అంచు మధ్య ఆయన ఫొటో, ఒక బైబిలు వాక్యం, కింద మా షాపు పేరు, వెనక ఇరవై సెకన్ల ఆరాధన పాట.

వారానికి రాజారత్నం మళ్ళీ వచ్చాడు.

“మీ పాట మా వీధంతా నోటికొచ్చేసింది బ్రదర్,” అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. “నాన్న మాటేదండి మరి?”

జరిగింది విన్నాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రిమోట్‌లో ప్లే నొక్కేదాకా మెనూ కదలదు, పాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. మన కూడికల్లో పాట అయ్యాకే ప్రార్థన కదా. పాట ముగిస్తే ఆయన మొదలుపెడతారని ఆమె చేతులు జోడించుకుని, మధ్యాహ్నం కోడలు వచ్చేదాకా అలాగే కూర్చున్నారట. రిమోట్ నేర్పవచ్చు కదా అన్నాను.

“నేర్పాం. పక్క బటన్ నొక్కితే ఇంకేదో అవుద్ది. అది సరిచేయడానికి పగలు ఇంట్లో ఎవరుంటారు బ్రదర్?”

చూపులేనివారి దారిలో అడ్డు పెట్టకూడదని సండే స్కూల్లో పిల్లలకు నేర్పేవాణ్ణి నేనే. ఈ డిస్కు సరిచేసేదాకా ఇంకో పని ముట్టుకోనని నిశ్చయించుకున్నాను.

నా సాఫ్ట్‌వేర్ మెనూ లేకుండా డిస్కు తయారు చేయనంది. ఇంకొకటి చేసింది కానీ అది ట్రయల్ వెర్షన్, అంటే కొనేముందు పరీక్షకు ఇచ్చేది. బొమ్మకు అడ్డంగా దాని పేరు పడుతూనే ఉంది. బాపట్లలో ఇదే పని చేసే మిత్రుడికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

“ఆవిడకి కనపడదుగా, ఇచ్చెయ్. అయినా మెనూ తీసేస్తే నీ షాపు పేరెక్కడ కనపడుద్దిరా?” అన్నాడు.

“ఆవిడకి కనపడదు. నాకు కనపడుద్దిగా,” అన్నాను. అయితే అతని రెండో ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ మెనూ నేను ఎవరి కోసం చేశానో అప్పుడు అర్థమైంది.

చివరికి, అందం లేదని ఎప్పుడో పక్కన పడేసిన ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచాను. పూలూ లేవు, అంచులూ లేవు. కానీ డిస్కు పెట్టగానే నేరుగా వీడియోకు వెళ్ళే వీలుంది. షాపులోని ప్లేయరులో చక్కగా నడిచింది. ఆమె ప్లేయరులో చూడకుండా నమ్మదలచుకోలేదు. రైలెక్కి రేపల్లె వెళ్ళాను. అక్కడ పదో నిమిషంలో ఆగిపోయింది. వేగంగా బర్న్ చేసిన డిస్కును కొన్ని పాత ప్లేయర్లు సరిగా చదవలేవు. తిరిగివచ్చి, అన్నిటికన్నా తక్కువ వేగంతో మళ్ళీ బర్న్ చేసి, మర్నాడు ఉదయం మళ్ళీ వెళ్ళాను.

మరియమ్మ గారు వేళ్ళతో తడిమి ట్రే తెరిచి, డిస్కు పెట్టి, మూశారు. కొన్ని క్షణాలు లోపల డిస్కు తిరిగిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు. ఆమె వెంటనే కొంగు తల మీదికి లాక్కున్నారు. నలభై నిమిషాలు ఎవరమూ కదల్లేదు. ఆయన ఆమేన్ అన్నప్పుడు ఆమె కూడా అన్నారు. మళ్ళీ పెడదామని నేను లేచాను.

“మీరు కూర్చోండి నాయనా,” అన్నారు ఆమె. “నేను పెట్టుకుంటా.”

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. ఆ డిస్కు ఎవరు పెట్టుకుంటారో చెప్పండి, తర్వాత చూద్దాం అంటాను. మన పని ఏ ఇంటికి చేరుతుందో ఆ ఇంటివారి అవసరాన్ని మన పేరుకన్నా ముందు మనకు చూపించమని, ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి.