చిత్రావతిలో దేవుళ్ళ దిబ్బ

మా బాగేపల్లిలో చిత్రావతి నది నడుమ మొన్నమొన్నటిదాకా ఒక దీవి ఉండేది. దీవి అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు ట్రాక్టర్లు పక్కపక్కన నిలబెడితే నిండిపోయేంత చోటు. చుట్టూ నీళ్ళుంటేనే కదా దీవి అని మీరు అడగవచ్చు. చింతామణి నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేనూ అదే అడిగాను. ఏడాదిలో ఎక్కువ నెలలు దాని చుట్టూ ఉండేవి ఇసుక, ముళ్ళకంప, ఎవరివో నాలుగు మేకలు. ఊరు దాన్ని దిబ్బ అనేది. మా మామగారు మాత్రం దీవి అనే అనేవారు, దాన్ని కట్టించింది ఆయనే కాబట్టి.

ఎందుకు కట్టించారో చెప్పాలి. మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో అద్దం పగిలిన దేవుడి పటాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. అలాగని చెత్తబండిలో వేయకూడదు. పారే నీళ్ళలో వదలాలి. మా పుట్టింట్లోనూ అంతే, ఉగాది ముందు ఇల్లు దులిపి, పాత పటాలన్నీ గుడ్డలో మూటగట్టి బయటపెట్టేవాళ్ళం. శాస్త్రం బాగానే ఉంది కానీ ఈ కరువు సీమలో పారే నీళ్ళు ఎక్కడున్నాయి? అందుకని జనం ఆ పటాలను వంతెన మొదట్లో గోడకానించి, కళ్ళకద్దుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవారు. తర్వాత వాటి మీద కుక్కలు పడుకునేవి, లారీ చక్రాలు ఎక్కేవి.

మామగారు అది చూడలేకపోయారు. అగరొత్తుల ప్యాకెట్టు మీద అమ్మవారి బొమ్మ ఉంటే దాన్ని కూడా చింపకుండా దాచే మనిషి ఆయన. వీధిలోని అంగళ్ళవాళ్ళందరినీ కూర్చోబెట్టి, నది నడుమ మట్టి పోయించి, చుట్టూ గుండురాళ్ళు పేర్పించారు. నది మధ్యలో పెడితే నదిలో వదిలినట్టే, ఎప్పుడు నీళ్ళొస్తే అప్పుడు గంగమ్మే తీసుకుపోతుందని ఆయన లెక్క. సరుకు ముందే గోడౌనులో దించిపెట్టి, లారీ వచ్చినప్పుడు ఎక్కించుకోమన్నట్టు! కిరాణా వ్యాపారికి తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన అది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

దిబ్బ పెరిగింది. బట్లహళ్ళి నుంచి చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు కూడా ఒక సంచిలో తమ పాత దేవుళ్ళను వెంట తెచ్చుకునేవారు. పటాలే కాదు, రంగు వెలిసిన వినాయకులు, మండపాల థర్మాకోల్, వాటికి చుట్టిన ఇనుప తీగలు, అన్నీ అక్కడికే. మట్టి జారినప్పుడల్లా మామగారు ఇంకొన్ని రాళ్ళు వేయించేవారు. మా పూజగది కొత్తగా కట్టించిన ఏడు నేను కూడా ఒక మూట మోసుకుపోయి పెట్టి, దండం పెట్టుకుని, తేలికపడి ఇంటికొచ్చాను. దిబ్బకు అవతల, గట్టు కింద పల్లంలో, వరసగా రేకుల ఇళ్ళున్నాయి. కూలికి పోయేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు అక్కడ ఉంటారు. మా అంగడి వెనక చింతపండు గింజ తీయడానికి వచ్చే ఆమె ఇల్లు కూడా అక్కడే. వాళ్ళ సంగతి మా వీధిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఏడు వాన విడవకుండా కురిసి, చిత్రావతికి నీళ్ళు వచ్చాయి. ఊరంతా వంతెన మీదే. పసుపు కుంకుమలు, రవికగుడ్డలు నీళ్ళలో వదిలి హారతి ఇచ్చాం. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశాం. మామగారు రెండు చేతులూ జోడించి ఏడ్చారు, తల్లి తన బిడ్డలను తీసుకుపోవడానికి వచ్చిందని.

తల్లి తీసుకుపోలేదు. రాళ్ళు కదల్లేదు. పటాల చట్రాలు, తీగలు, సున్నపు బొమ్మలు ఒకదానికొకటి చిక్కుకుని గోడలా నిలబడ్డాయి. పైనుంచి కొట్టుకొచ్చిన కొమ్మలూ కంపా వచ్చి దానికే తగులుకున్నాయి. నీళ్ళు అక్కడ చీలి, అవతలి గట్టు మీదికి తిరిగాయి. సాయంత్రానికల్లా గట్టు తెగింది. పల్లంలోని వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని బడి వైపు పోతుంటే, హారతి పళ్ళెం చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఎవరి ప్రాణమూ పోలేదు. ఇప్పటికీ ఈ కథ ఎవరికి చెప్పినా ముందు ఆ మాటే చెబుతాను, అదేదో మా మంచితనమైనట్టు.

నీళ్ళు తగ్గిన తర్వాత ఒకరోజు చింతపండు ఆమె అంగడికి వచ్చింది. దీవి ఒక మూల కోసుకుపోయిందని, ఈసారి సిమెంటుతో కట్టిద్దామని వీధి పెద్దలు అప్పుడు మా అంగట్లోనే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆమె చేతిలో తడిగుడ్డలో చుట్టిన పటం ఉంది. కింద పెట్టమంటే పెట్టలేదు. గుడ్డ విప్పి మామగారి చేతికే ఇచ్చింది. లక్ష్మీదేవి పటం. అద్దం లేదు. అమ్మవారి పాదాల కింద బంగారు రంగు అక్షరాల్లో మా అంగడి పేరు. అంగడి పెద్దది చేసినప్పుడు మామగారు ఖాతాదారులందరికీ స్వయంగా పంచిన పటాల్లో అదొకటి. ఎవరింట్లోనో పగిలి, ఏదో మూటలో దిబ్బకు చేరినట్టుంది.

"మీ అంగడి అమ్మవారప్పా. ఇంట్లో బురద ఎత్తతాంటే కనపడె. ఎవురన్నా తొక్కుతారేమోనని కడిగి తెచ్చినా" అంది.

మామగారు పటాన్ని కళ్ళకద్దుకుని, ఇల్లెట్లుందని అడిగారు.

"ఒక గోడ ఉండాదప్పా."

మళ్ళీ వానలు వచ్చేలోపల ఆ దిబ్బ తీయించమని మాత్రం అడిగింది. పెద్దల్లో ఒకాయన, దేవుళ్ళుండే చోట గునపం ఎట్లా వేయాలని గొణిగాడు.

"దేవుళ్ళంతా మా ఇండ్లల్లోకే వచ్చేసిరి కదప్పా" అంది ఆమె. ఎత్తిపొడుపేమీ లేదు ఆ గొంతులో, ఉన్నమాట చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమెను కూర్చోమని కూడా ఎవరూ అనలేదని, ఆమె వెళ్ళిపోయాక గుర్తొచ్చింది.

దిబ్బ తీయిస్తానని మామగారు ఆ రోజే కబురు పంపారు. సిమెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కానీ తీసేవాళ్ళు ఏరి? మున్సిపాలిటీవాళ్ళు కట్టినవాళ్ళనే అడగమన్నారు. చిక్కబళ్ళాపురం నుంచి జేసీబీ తెప్పిస్తే, మట్టిలోంచి తొంగిచూస్తున్న దేవుళ్ళ మొహాలు చూసి డ్రైవరు బండి దిగి, దండం పెట్టి, వచ్చిన దారినే పోయాడు. పోనీ ఎవరి పటాలు వాళ్ళు తీసుకుపోదామంటే, మావి అందులో లేవు అన్న ఇల్లే వీధంతా. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా వీధిలో ఆ పిడికెడు కూడా పట్టుకునే చెయ్యి లేకపోయింది. మామగారికి అన్నం సయించడం మానేసింది. పల్లంలో ఆమె రెండో గోడ లేపుకుంటోందని, వానలు దగ్గరపడుతున్నాయని విని నాకూ సయించేది కాదు. అయినా నేను చేసిందేమిటి? చింతపండుకు ఆమె వచ్చిన రోజుల్లో వెనకవైపుకు పోవడం మానేశాను, ఆమెకు మొహం చూపించలేక.

ఒక పొద్దున, అవతలివాళ్ళే దిబ్బ తీస్తున్నారని తెలిసింది. నేనూ మామగారూ వంతెన మీదికి పోయాం. పల్లంలోని ఆడవాళ్ళు మట్టిలోంచి ఒక్కో పటాన్నీ చేత్తోనే తీసి, కొంగుతో తుడిచి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకుంటూ, ఇసుక మీద పరిచిన చీర మీద వరసగా పెడుతున్నారు. మగవాళ్ళు ఖాళీ అయిన చోట మట్టిని తట్టలకెత్తి మోస్తున్నారు. వంతెన మీద మావాళ్ళు నిలబడి చూస్తున్నారు. కొందరు హారతి ఇచ్చిన రోజు లాగానే ఫోన్లు పైకెత్తారు. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

"నన్ను కిందికి దించమ్మా" అన్నారు మామగారు. మోకాళ్ళు పట్టేసిన మనిషి, రెయిలింగు పట్టుకుని నిలబడటమే కష్టం. మీరు ఉండండి మామా, నేను పోతానని చెప్పి కొంగు నడుముకు దోపుకుని దిగాను. దిగుతున్నంతసేపూ పైనుంచి అందరూ నన్నే చూస్తున్నారని తెలుస్తోంది. అబద్ధం చెప్పను, ఏదో గొప్ప పని చేస్తున్నట్టే నడిచాను. ఇసుక దాటి, పగిలిన అద్దాల మధ్య అడుగులేసుకుంటూ దిబ్బ ఎక్కి, చేతులు చాచాను.

చింతపండు ఆమె నా మొహం చూడలేదు, కాళ్ళ వైపు చూసింది. పక్కవాళ్ళకు వినపడకుండా, నా మర్యాద కాపాడుతున్నట్టు, మెల్లిగా అంది.

"చెప్పులు ఇడిసి రామ్మా. దేవుళ్ళుండారు."

చుట్టూ చూశాను. అంత గాజుపెంకుల్లో, నాకు తప్ప ఎవరి కాళ్ళకూ చెప్పులు లేవు.